అన్నం మానిపిస్తే ఫిట్స్ తగ్గుతాయా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటున్నాము. మా బాబుకు 6 ఏళ్లు, బరువు 20 కిలోలు. మూడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. ఇప్పుడు వాల్‌ప్రోయేట్, క్లోబజామ్, లెవెటిరాసెటామ్ మూడూ వాడుతున్నాము. అయినా రోజుకు ఏడెనిమిది సార్లు తల వాలిపోయి ఉన్నపళంగా పడిపోతున్నాడు. ఇంట్లో కూడా హెల్మెట్ తీయడం లేదు. డాక్టరుగారు కీటోజెనిక్ డైట్ మొదలుపెడదామన్నారు. మావారు బరువు తగ్గడానికి చేసే కీటో వీడియోలు చూసి, రేపటి నుంచే అన్నం మానిపిద్దామంటున్నారు. మా అత్తగారేమో "ఎదిగే పిల్లవాడికి అన్నం పెట్టకుండా నెయ్యి తాగిస్తారా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. మేము గుడ్డు కూడా తినము. ఈ డైట్ నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తే మందులు మానేయవచ్చా? వచ్చే నెల బాబు పుట్టినరోజు ఉంది, అది అయ్యాక మొదలుపెడితే ఫరవాలేదా?
- ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: మీ డాక్టరుగారు చెప్పింది సరైన మాట, మీవారి తొందర ప్రమాదకరం. మీ అత్తగారి బాధ మాత్రం తీసిపారేయదగినది కాదు. ఆవిడ అడిగిన ప్రశ్ననే ఒక డైటీషియన్‌గా నేను ప్రతి కుటుంబాన్నీ మొదట అడుగుతాను: ఎదిగే పిల్లవాడికి అన్నం తీసేస్తే, ఆ ఖాళీని దేనితో, ఎంత కొలతతో, ఎవరి పర్యవేక్షణలో నింపుతారు? దీనికి సమాధానం లేకుండా అన్నం మానిపిస్తే ఆ పిల్లవాడు పస్తున్నట్టే లెక్క.

మనకు పథ్యం అనే మాట కొత్త కాదు. నాటుమందు వేసుకున్నవారు వంకాయ, గోంగూర మానేయడం, పచ్చకామెర్లు వచ్చినవారు చప్పిడి కూడు తినడం మన ఊళ్లలో అందరూ చూసినదే. అక్కడ పథ్యం మందుకు తోడు. ఇక్కడ పథ్యమే మందు, దానికి మోతాదు ఉంది, మోతాదు తప్పితే వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో కనిపించే కీటో పెద్దవాళ్లు బరువు తగ్గడానికి తమకు తోచినట్టు చేసుకునేది. మీ బాబు బరువు తగ్గకూడదు, ఎత్తు పెరగడం ఆగకూడదు, ఆ రెండూ కాపాడుతూనే ఒంట్లో కీటోన్లు (కొవ్వు నుంచి తయారయ్యే ఇంధనం) తయారవుతూ ఉండాలి. అందుకే ఈ రెంటికీ పేరు ఒకటే అయినా పని ఒకటి కాదు.

మీ అత్తగారికి చెప్పడానికి ఒక సంగతి ఉంది. "లంఖణం పరమౌషధం" అని ఆవిడ తరం వారు జ్వరానికి అంటుండేవారు. మూర్ఛ ఉన్నవారు ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గడం వైద్యులు కూడా వందేళ్ల కిందటే గమనించారు. కానీ ఎవరినీ నెలల తరబడి పస్తు ఉంచలేరు కదా! అందుకని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రసెల్ వైల్డర్, ఉపవాసంలో ఒంట్లో జరిగేదే తిండి తింటూ కూడా జరిగేలా చేయవచ్చునని ప్రతిపాదించి, దానికి కీటోజెనిక్ డైట్ అని పేరు పెట్టాడు. పిండిపదార్థాలు దాదాపుగా ఆపి కొవ్వు బాగా పెంచితే, కాలేయం ఆ కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది. మామూలుగా గ్లూకోజు మీద నడిచే మెదడు వాటిని వాడుకోవడం మొదలుపెడుతుంది, దానితో నాడీకణాలు అదుపు తప్పి చెలరేగడం తగ్గుతుంది. 1938లో ఫెనిటోయిన్ అనే ఫిట్స్ మందు వచ్చాక, మాత్ర వేసుకోవడం సులువు కాబట్టి, ఈ పద్ధతి మూలన పడింది. మందులకు లొంగని మూర్ఛ మిగిలే ఉండడంతో 1990ల నుంచి మళ్లీ వాడుకలోకి వచ్చింది.

తగిన మందులు రెండు, తగిన మోతాదులో, సక్రమంగా వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛ ఉన్నవారిలో సుమారు మూడోవంతు మంది ఈ కోవలోకి వస్తారు. మీ బాబు మూడు మందుల మీద ఉన్నాడు కాబట్టి నాలుగో మందు కోసం ఎదురుచూడడం కన్నా డైట్ గురించి ఆలోచించడం మేలు. ఒక్క ప్రశ్న మాత్రం ముందుగానే డాక్టరుగారిని అడగండి: "ఎమ్మారై స్కానులో ఆపరేషన్‌తో తీసివేయగల మచ్చ ఏమైనా ఉందా?" ఉంటే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవలసి ఉంటుంది. లేకపోతే డైట్ దారి తెరిచే ఉంది.

పనిచేస్తుందా అన్నారు. లండన్‌లో 145 మంది పిల్లల మీద జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో, డైట్ మీద ఉంచిన పిల్లల్లో 38 శాతం మందికి మూడు నెలల్లో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. డైట్ లేకుండా మందులు మాత్రమే వాడినవారిలో అలా తగ్గినది 6 శాతం మందికే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 102 మంది పిల్లలకు, మన దేశపు వంటలతోనే, మోడిఫైడ్ ఆట్కిన్స్ అనే కాస్త సడలించిన పద్ధతిని ప్రయత్నించి 2013లో ఫలితాలు ప్రచురించారు. అందులో 52 శాతం మందికి సగానికి పైగా తగ్గాయి, మామూలు భోజనం తిన్నవారిలో 11.5 శాతం మందికి తగ్గాయి. అంటే ఇంచుమించు ఇద్దరిలో ఒకరికి చెప్పుకోదగ్గ ఫలితం ఉంటుంది, ఫిట్స్ పూర్తిగా ఆగిపోయేవారు కొద్దిమందే. "ఖాయంగా తగ్గిపోతుంది" అని ఎవరైనా మీకు హామీ ఇస్తే ఆ మాట నమ్మకండి. అయితే రోజుకు ఎనిమిది సార్లు పడేవాడు మూడు సార్లే పడితే ఆ ఇంటికి అది ఎంత ఊరటో నేను మీకు చెప్పనక్కరలేదు. మీ బాబుకు వచ్చేవంటి, ఉన్నపళంగా పడేసే ఫిట్స్ ఉన్న పిల్లల్లో కొన్ని రకాలవారికి ఈ డైట్ బాగా అనుకూలిస్తుంది. మీ బాబుది ఏ రకమో ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) చూసి డాక్టరుగారు చెప్పగలరు.

ఇక లెక్కలోకి వద్దాం, ఎందుకంటే మీవారి తొందర తగ్గేది ఇక్కడే. క్లాసిక్ అనే అసలు పద్ధతిలో కొవ్వు 4 పాళ్లు ఉంటే, మాంసకృత్తులు, పిండిపదార్థాలు రెండూ కలిపి 1 పాలు. 20 కిలోల పిల్లవాడికి రోజుకు 1200 కేలరీలు అనుకుందాం. అప్పుడు కొవ్వు 120 గ్రాములు, మిగతా రెండూ కలిపి 30 గ్రాములు. ఎదుగుదల కోసం కిలోకు 1 గ్రాము చొప్పున మాంసకృత్తులకు 20 గ్రాములు తీసేస్తే, పిండిపదార్థాలకు రోజు మొత్తానికి మిగిలేది 10 గ్రాములే. ఒక మామూలు ఇడ్లీలో 8 నుంచి 10 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక గ్లాసు పాలలోనూ, హార్లిక్స్ కలపకుండానే, ఇంచుమించు అంతే. పొద్దున్నే పాలు తాగితే ఆ రోజు కోటా అక్కడితో సరి.

మీ శాకాహార వంటింట్లో ఒక పూట ఎలా ఉంటుందో చూడండి. రోజుకు నాలుగు పూటలనుకుంటే పూటకు కొవ్వు 30 గ్రాములు, మాంసకృత్తులు 5, పిండిపదార్థాలు రెండున్నర. పన్నీరు 25 గ్రాములు, సొరకాయ 50 గ్రాములు, నెయ్యి, కొబ్బరినూనె కలిపి 25 గ్రాములు తీసుకుంటే లెక్క ఉజ్జాయింపుగా సరిపోతుంది. పళ్లెంలో చూస్తే నాలుగు చిన్న పన్నీరు ముక్కలు, గుప్పెడు సొరకాయ, వాటి చుట్టూ మడుగులా నెయ్యి. మొదటిసారి చూసిన ఏ నాయనమ్మకైనా కడుపు తరుక్కుపోతుంది. అందుకే మేము సొరకాయను మెత్తగా ఉడికించి, నెయ్యి అందులోనే కలిపి మెదిపి, జీలకర్ర, ఉప్పు వేసి పచ్చడిలా చేయమంటాము, అప్పుడు నూనె తేలదు. తిన్నాక గిన్నెకు అంటుకున్న నెయ్యి కూడా మోతాదులోదే. రబ్బరు గరిటెతో గీరి, ఒక పన్నీరు ముక్కతో తుడిచి తినిపించాలి, సిరప్ మూతలో మిగిలిన చుక్కను కూడా పట్టిస్తామే, అలాగన్నమాట. ఒక గ్రాము తేడా చూపే వంటింటి త్రాసు తప్పనిసరి, అది ఖరీదైనదేమీ కాదు. పైన చెప్పిన కొలతలు విషయం తెలియడానికే గానీ రేపు వండడానికి కావు. మీ బాబు లెక్క మీ డైటీషియన్ కట్టి ఇవ్వాలి.

ఇంత కచ్చితంగా తూచడం మీ వల్ల కాదనిపిస్తే మోడిఫైడ్ ఆట్కిన్స్ గురించి అడగండి. అందులో పిండిపదార్థాలను మాత్రమే లెక్కగా ఉంచి, సాధారణంగా రోజుకు 10 గ్రాములతో మొదలుపెట్టి, మాంసకృత్తులకు కట్టడి లేకుండా, కొవ్వు ధారాళంగా ఇస్తారు. నా అనుభవంలో, అత్తాకోడళ్లు ఇద్దరూ వంట చేసే ఇళ్లకు, గుడ్డు కూడా ముట్టనివారికి ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది. పాలు తాగడం పూర్తికాని పసిబిడ్డలకు, గొట్టంతో ఆహారం ఇచ్చేవారికి క్లాసిక్ పద్ధతే మేలు. మీ ఇంటికి నేనైతే ఆట్కిన్స్ వైపే మొగ్గుతాను. కానీ రోజుకు ఎనిమిది సార్లు పడుతున్నాడు కాబట్టి, గట్టి పద్ధతితో మొదలుపెట్టి తరువాత సడలిద్దామని డాక్టరుగారు అంటే, ఆ మాట వినండి.

రేపటి నుంచే ఎందుకు వద్దంటున్నానంటే, కొందరు పిల్లలకు పుట్టుకతోనే కొవ్వును శక్తిగా మార్చుకునే యంత్రాంగంలో లోపం ఉంటుంది. అలాంటివారికి ఈ డైట్ ప్రాణాంతకం కాగలదు. కార్నిటైన్ (కొవ్వును శక్తిగా మార్చుకోవడానికి కణాలకు కావలసిన పదార్థం) లోపం, కొవ్వు ఆమ్లాల ఆక్సీకరణ లోపాలు, పైరువేట్ కార్బాక్సిలేజ్ లోపం, పోర్ఫిరియా, ఇవేవీ లేవని తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి. దీనికి విరుద్ధంగా, గ్లట్-1 లోపం అని ఒకటుంది. అందులో గ్లూకోజు మెదడులోకి సరిగా చేరదు కాబట్టి, ఈ డైటే మొదటి చికిత్స. ఈ సంగతులు బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. రక్తం, మూత్రం పరీక్షలు, కాలేయం, మూత్రపిండాలు, కొలెస్ట్రాల్ లెక్కలు, మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నాయేమోనని కడుపు స్కాను ముందే చేయిస్తారు. మీ బాబు వాల్‌ప్రోయేట్ మీద ఉన్నాడు, ఆ మందు కార్నిటైన్‌ను తగ్గించగలదు కాబట్టి దాని గురించి ప్రత్యేకంగా అడగండి. ఇవన్నీ ఒకే చోట కావాలంటే బెంగళూరులో నిమ్హాన్స్ వంటి, పిల్లల న్యూరాలజీ, డైటీషియన్లు రెండూ ఉన్న ఆసుపత్రికి వెళ్లడం మంచిది. అక్కడి వరుసల్లో తెలుగువారు కూడా తెలుగులోనే మాట్లాడుకుంటూ కనిపిస్తారు కాబట్టి, మీ అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్లండి. అదే పథ్యంలో ఉన్న మరో పిల్లవాడి అమ్మమ్మతో పది నిమిషాలు మాట్లాడితే కలిగే ధైర్యం నా ఉత్తరం వల్ల కలగదు.

మందులు మానేయవచ్చా? ఇప్పుడు కాదు. డైట్ మొదలుపెట్టిన రోజు ఒక్క మాత్ర కూడా తగ్గించకూడదు. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డైట్ పనిచేస్తోందని కొన్ని వారాలో నెలలో చూశాక, డాక్టరుగారే ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. అయితే మందుల రూపం మాత్రం మొదటి రోజునుంచే మారవలసి రావచ్చు. పిల్లల సిరప్‌లలో చాలా వాటికి తీపి కోసం చక్కెరో సార్బిటాలో కలుపుతారు. మీరు వాడే మూడింటిలో ఏది సిరప్ అయినా, అదే మందు మాత్రగా దొరుకుతుందా అని అడగండి.

దీని మీద నాకు గుర్తుండిపోయిన ఒక ఇల్లు ఉంది. మూడు వారాలు అంతా సవ్యంగా సాగింది. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీ రోజూ ముదురు ఊదారంగు తేలేది, ఫిట్స్ సగమయ్యాయి. ఒక సోమవారం పట్టీ రంగు మారనే లేదు, ఆ సాయంత్రమే ఫిట్స్ మళ్లీ మొదలయ్యాయి. తల్లి త్రాసు మార్చింది, కొత్త నెయ్యి తెచ్చింది, స్కూల్లో ఎవరైనా చాక్లెట్ ఇచ్చారేమోనని ఆరా తీసింది. మూడో రోజు నేను ఫోనులో "పిల్లవాడికి జలుబేమైనా చేసిందా?" అని అడిగితే అప్పుడు తేలింది, దగ్గు సిరప్, రోజుకు మూడు చెంచాలు. ఆ సిరప్ ఆపాక రెండు రోజుల్లో పట్టీ రంగు తిరిగి వచ్చింది. ఆ తల్లి తప్పు ఇందులో ఏమీ లేదు. తిండి గురించి నేను అన్నీ చెప్పాను గానీ, మందు సీసా కూడా తిండేనని చెప్పడం మరచిపోయాను. అప్పటినుంచి ఆ మాట మొదట చెబుతున్నాను.

ఇబ్బందులు కూడా తెలిసి ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువగా విసిగించేది మలబద్ధకం. నీళ్లు బాగా తాగించడం, లెక్కలో ఇమిడే బీరకాయ, పొట్లకాయ, తోటకూర, క్యాబేజీ పెట్టడం దానికి మందు. మొదటి వారంలో వాంతులు, మగత, రక్తంలో చక్కెర పడిపోవడం రావచ్చు కాబట్టే కొన్ని చోట్ల ఆసుపత్రిలో ఉంచి మొదలుపెడతారు. మొదట్లో పస్తు ఉంచి మొదలుపెట్టే పాత పద్ధతి ఇప్పుడు తప్పనిసరి కాదు, ఈ మాట మీ అత్తగారికి చెప్పండి. కొద్దిమందికి మూత్రపిండాల్లో రాళ్లు వస్తాయి, టోపిరామేట్, జోనిసమైడ్ అనే ఫిట్స్ మందులు వాడేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. కొలెస్ట్రాల్ పెరగడం, ఎత్తు పెరగడం నెమ్మదించడం, ఎముకలు బలహీనపడడం కూడా జరగవచ్చు. అందుకని చక్కెర లేని విటమిన్లు, కాల్షియం, విటమిన్ డి తప్పకుండా ఇవ్వాలి, మూడు నెలలకొకసారి పరీక్షలు మానకూడదు. ఊపిరి వేగంగా తీయడం, ముఖం ఎర్రబారడం, ఆగని వాంతులు, లేపినా లేవనంత మగత కనిపిస్తే కీటోన్లు మరీ పెరిగాయేమోనని అనుమానించి, వెంటనే మీ వైద్యబృందానికి ఫోన్ చేయండి, అందకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

బయట తిండి గురించి బెంగళూరు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఇక్కడి హోటళ్ల సాంబారులో బెల్లం పడుతుంది, చట్నీలో పుట్నాలపప్పు పడుతుంది. రెండు చెంచాల సాంబారే కదా అని దర్శినిలో తినిపించవద్దు. గుడికి వెళ్లినప్పుడు చక్కెర పొంగలి, అరటిపండు వద్దని పిల్లవాడి చేతిలోంచి లాక్కునే బదులు, కొట్టిన కొబ్బరికాయలో ఒక చిన్న ముక్కను ప్రసాదంగా ఇచ్చి, దాన్ని ఆ పూట లెక్కలో వేయండి. ఈ ఉపాయం నాకు ఒక నాయనమ్మ చెప్పిందే. స్కూల్లో టీచరుకు కాగితం మీద రాసి ఇవ్వండి, పిల్లలు డబ్బాలు పంచుకునే భోజనవిరామమే అన్నిటికన్నా గడ్డు సమయం.

డాక్టరుగారి సంతకంతో ఒక ఉత్తరం మీ పర్సులో, మీవారి పర్సులో, స్కూలు బ్యాగులో ఉండాలి. పిల్లవాడు కీటోజెనిక్ డైట్ మీద ఉన్నాడని, రక్తంలో చక్కెర పడిపోతే తప్ప గ్లూకోజు సెలైన్ ఎక్కించవద్దని, మామూలు సెలైన్ వాడమని అందులో రాయించండి. రాత్రిపూట అత్యవసర విభాగంలో ఉండే డాక్టరుకు ఇది తెలియకపోతే, అలవాటుగా గ్లూకోజు పెట్టేసే అవకాశం ఉంది. ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి, 5 నిమిషాలు దాటితే ఫిట్స్ ఆపడానికి డాక్టరుగారు రాసి ఇచ్చిన ముక్కు స్ప్రే ఉంటే కొట్టి ఆసుపత్రికి బయలుదేరండి.

ఎంతకాలం అంటే, మొదట మూడు నెలలు. ఆ మూడు నెలలు ఎగుడుదిగుడుగా ఉన్నా పట్టుదలతో చేసి, అప్పుడు కూర్చుని లెక్క చూస్తారు. ఏమీ తగ్గకపోతే నెమ్మదిగా మామూలు భోజనానికి తీసుకువస్తారు, అందులో మీ వైఫల్యం ఏమీ ఉండదు. తగ్గితే సాధారణంగా రెండేళ్లు కొనసాగించి, తరువాత కొన్ని నెలల మీద పిండిపదార్థాలు పెంచుతూ వస్తారు. బాగా మేలు పొందినవారిలో చాలామందికి డైట్ ఆపాక కూడా ఆ మేలు నిలుస్తుంది. అంటే మీ అత్తగారు భయపడుతున్నట్టు ఈ పిల్లవాడు జన్మంతా అన్నానికి దూరం కాడు.

ఇక పుట్టినరోజు. పరీక్షలు చేయించి, ఫలితాలు వచ్చి, మీరిద్దరూ తూచడం నేర్చుకుని, సిరప్‌లు మాత్రలుగా మారడానికి ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి కేకు కోయనివ్వండి, మీ అత్తగారిని పాయసం వండనివ్వండి. అప్పటిదాకా ఒక పని మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి: ఒక నోటుపుస్తకంలో రోజుకు ఎన్నిసార్లు పడ్డాడో, ఏ సమయంలో పడ్డాడో రాస్తూ ఉండండి. పుట్టినరోజునాడు కూడా రాయండి. మూడు నెలల తరువాత డైట్ పనిచేసిందా లేదా అని తేల్చడానికి డాక్టరుగారు మొదట తిరగేసేది ఆ పుటలనే.